పాత లారీల కూలెంట్ లీకు: ఎప్పుడు కారుతదో తెలిస్తే ఎక్కడ కారుతదో దొరుకుతది

పదిహేనేండ్లు దాటిన లారీ ఏదైనా చూడండ్రి, క్యాబిన్ల సీటు ఎనుక ఒక నీళ్ల డబ్బా ఉంటది. పొద్దున బండి తీసే ముందు రేడియేటర్ మూత తీసి తగ్గినంత పోసుడు, తొవ్వల ధాబా కాడ ఆపినప్పుడు ఇంకోసారి చూసి పోసుడు, ఇది అలవాటైపోతది, కొన్ని రోజులకు క్లీనర్ చేసే పనుల్ల అదొక పని అన్నట్టే ఉంటది తప్ప బండికి ఏదో అయితుందన్న సోయి ఉండదు. ఇంజన్ హెడ్డు, అంటే సిలిండర్ల మీది మూత, విప్పే దాకా వచ్చిన బండి సంగతి ఎనుకకు పోయి అడిగితే చాలాసార్లు మొదలు ఇదే, కొన్ని నెలల కింద చిన్నగ కారుడు షురువైంది, నీళ్లు పోసుకుంట నడిపిచ్చిండ్రు, ఒకనాడు లోడు మీద వేడి మీటర్ ముల్లు ఎర్రగీత దాటింది.

నీళ్లు తగ్గుతున్నయంటే ఎవరైనా ముందు అడిగేది "ఎక్కడ కారుతుంది" అనే. టార్చి పట్టుకొని కిందికి దూరుతరు, తడి కనిపించిన కాడ పైపో ప్యాకింగో మారుస్తరు, వారం తిరిగేసరికి మళ్ల అదే కథ. పాత బండ్ల విషయంల ఈ ప్రశ్న తర్వాత అడగాలె. ముందు "ఎప్పుడు కారుతుంది" అని అడగాలె. బండి చల్లగ నిలబడ్డప్పుడా, స్టార్ట్ చేసినంక వేడెక్కుతున్నప్పుడా, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడా, ఆపేసిన పది నిమిషాలకా, లేకపోతే కిందికి ఒక్క చుక్క పడకుంటనే తగ్గిపోతుందా. ఇది తేలితే చాలా లీకులు విప్పకుంటనే పట్టుబడతయి, ఎందుకంటే ఒక్కో జాగల లీకుకు ఒక్కో టైమ్ ఉంటది.

ఆ టైమ్ ఎందుకు ఉంటదో అర్థం కావాలంటే రేడియేటర్ మూత కాడికి పోవాలె. కాలిన డీజిల్ వేడిల పావు వంతు నుంచి మూడో వంతు దాకా కూలెంటే, అంటే ఇంజన్ల తిరిగి చల్లబరిచే నీళ్లే, మోసుకపోయి రేడియేటర్ల వదిలిపెట్టాలె. వరంగల్ ఎత్తుల మామూలు నీళ్లు 99 డిగ్రీల దగ్గరనే మరుగుతయి, లోడు మీదున్న ఇంజన్‌కు అది సరిపోదు, అందుకే మూతల స్ప్రింగు పెట్టి లోపల ప్రెషర్ నిలబెడతరు. 7 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) మూత ఉంటే నీళ్లు 111 డిగ్రీల దాకా మరగవు, 15 పీఎస్ఐ మూత ఉంటే 121 దాకా ఆగుతయి, సగం నీళ్లు సగం గ్లైకాల్ (కూలెంట్ డబ్బాల్ల వచ్చే మందు) ఉన్న కూలెంట్ అయితే అదే 15 పీఎస్ఐ మీద ఇంకో ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ తట్టుకుంటది. అంటే లీకు వల్ల అసలు పోయేది నీళ్లు కాదు, ప్రెషర్. రేడియేటర్ నిండుగ ఉన్నా సరే, గుండుసూదంత రంధ్రం నుంచి ప్రెషర్ పోతుంటే హెడ్డుల ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టు ఉన్న నీళ్లు ముందే మరిగి ఆవిరి బుడగలైతయి, ఆవిరికి వేడిని మోసుకపోయే బలం ఉండదు, అక్కడి ఇనుము ఒక్కసారి కాలిపోయి వాల్వు సీట్ల మధ్యల పగులు వస్తది. మీటర్ ముల్లు సుత నమ్మడానికి లేదు, సెన్సార్ నీళ్లల్ల మునిగి ఉంటేనే అది నిజం చెప్తది, నీళ్లు దాని కిందికి పోతే ముల్లు మామూలుగనే ఉంటది లేకపోతే ఇంకా తగ్గుతది, అది చూసి డ్రైవర్ ధైర్యంగ నడుపుతడు. అందుకని "నేను రోజూ నీళ్లు పోస్తున్న కదా" అనే మాట ఏమీ కాపాడదు.

వెతికే ముందు కొలవాలె. బండి చల్లగ ఉన్నప్పుడు, మట్టంగ ఉన్న జాగల నిలబెట్టి, రేడియేటర్ కాడి ఎక్స్‌ట్రా ట్యాంకు మీద మార్కర్‌తో గీత గీసి, కిలోమీటర్లు రాసిపెట్టుకోవాలె, ఎంత పోసిండ్రో లీటర్లల్ల రాయాలె, ఆ రోజు లోడు ఉందా ఖాళీనా అదీ రాయాలె. రెండు మూడు ట్రిప్పులు రాస్తే చాలు బొమ్మ కనపడుతది. రాత్రి నిలబెట్టినంక పొద్దున్నకే తగ్గుతుంటే ఒక లెక్క, రాత్రి ఏం తగ్గకుంట భూపాలపల్లి నుంచి బొగ్గు లోడుతో వచ్చిన దినమే తగ్గితే ఇంకో లెక్క. ఎనుమాముల మార్కెట్ల మిర్చి సీజన్ల బండ్లు గంటల కొద్ది లైన్ల నిలబడి చిన్న చిన్నగ జరుగుతయి, మేడారం జాతరప్పుడు ములుగు రోడ్డు మీద అట్లనే పాకుతయి, అటువంటప్పుడు మాత్రమే తగ్గితే అది లీకే కాకపోవచ్చు, ఫ్యాను బెల్టు జారుతుందో రేడియేటర్ రెక్కల్ల వడ్ల పొట్టు, పత్తి నూగు ఇరికి గాలి పోతలేదో, దాంతోటి మరిగి మూతల నుంచి పోతుందో అది ముందు చూడాలె. రెండో పని, ఇంజన్ కడగాలె. ఇరవై ఏండ్ల గ్రీజు మురికి మీద తడి ఎక్కడ పుట్టిందో ఎవరికీ కనపడదు.

కడిగి ఆరబెట్టినంక రాత్రిపూట బండి కింద ముందు చక్రాల మధ్యల పెద్ద అట్ట ముక్క పరిస్తే పొద్దున్నకు చుక్కలు ఎక్కడ పడ్డయో అచ్చు పడుతది. కానీ కింద పడ్డ చుక్క పుట్టిన జాగను చూపెట్టదు. నీళ్లు చాసిస్ అడ్డ కమ్మి (క్రాస్ మెంబర్) మీదికెళ్లి జారి, పైపు వెంబడి పోయి, ఎక్కడనో కొసకు పడతయి. నడిచే బండిల ఫ్యాను గాలి తడిని ఎనుకకు కొడుతది, క్లచ్ హౌసింగ్ కాడ తడి ఉందంటే అది ముందున్న వాటర్ పంపుది అయి ఉండొచ్చు. తడి జాగలల్ల అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నది ఏదో అదే అనుమానించాలె. వేడి ఇంజన్ మీద పడ్డ కూలెంట్ కిందికి రాకముందే ఆవిరై పోతది, అక్కడ పచ్చటి లేకపోతే తెల్లటి పొక్కులాంటి మరక మిగులుతది, ఆ మరకే సాక్ష్యం. మామూలు బోరు నీళ్లు పోసిన బండిల అయితే తెల్ల ఉప్పు గీత కనపడుతది.

ఇగ టైమ్ లెక్కలు. చల్లగ ఉన్నప్పుడు మాత్రమే కారి, వేడెక్కినంక ఆగే లీకు ఎక్కువసార్లు పైపు క్లిప్పుల కాడ ఉంటది. పుష్యమాసంల ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు తెల్లవారుజామున చలి బాగ దిగుతది, ఆ చలికి గట్టిపడ్డ రబ్బరు ముడుసుకుంటది, ఇనుప కొస మీద పట్టు వదులుతది, పొద్దున కింద చిన్న మడుగు ఉంటది, ఇంజన్ వేడెక్కంగనే రబ్బరు సాగి మళ్ల పట్టుకుంటది, మెకానిక్ కాడికి పోయేసరికి ఏమీ కనపడదు. చాలామంది అప్పుడు క్లిప్పును ఇంకా గట్టిగ తిప్పుతరు, మర క్లిప్పు పైపుల దిగి రబ్బరు కోస్తది, అది ఇంకో లీకు. సరైన పని ఏందంటే పైపు మొత్తం తీసి, అది దూరే ఇనుప కొసను ఎమరీ పేపర్‌తో రుద్ది తుప్పు, పాత గమ్ము అంత పోగొట్టి, కొత్త పైపు ఎక్కించి, కొసకున్న ఉబ్బు ఎనుక క్లిప్పు కూసునేటట్టు బిగించుడు. ఒకసారి వేడెక్కి చల్లారినంక మళ్ల ఒక్క చుట్టు చూడాలె. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బైండింగ్ వైరు మెలిపెట్టుడు రోడ్డు మీద నుంచి ఇంటికి తెచ్చుకోవడానికి పనికొస్తది, అంతవరకే. పైపు లోపల ఆయిల్ తగిలి మెత్తగ ఉబ్బిందంటే, నొక్కితే కరకర శబ్దం వస్తుందంటే, దాని పని అయిపోయినట్టే, పైన చూడడానికి ఎంత మంచిగ ఉన్నా.

వేడి మీద, అందులోను లోడు మీద మాత్రమే కారేది ప్రెషర్‌కు ఓర్వని జాగ. దాన్ని పట్టడానికి ప్రెషర్ టెస్టర్ అని చేతిపంపు ఒకటి ఉంటది, రేడియేటర్ మెడకు బిగించి మూత మీద రాసి ఉన్న పీఎస్ఐ దాకా కొట్టి పదిహేను నిమిషాలు ఆగాలె, గేజు పడిపోతే ఎక్కడనో పోతున్నట్టు. ఇంజన్ ఆగి ఉంటది కాబట్టి ఫ్యాను గాలి లేదు, నిమ్మళంగ వెతకొచ్చు. మూత మీద రాసినదానికంటే ఎక్కువ కొట్టొద్దు, పాత ఇత్తడి రేడియేటర్ మాట్లు (టంకం అతుకులు) ఊడిపోతయి. చల్లగ ఒకసారి, వేడిగ ఒకసారి, రెండుసార్లు కొడితేనే ఈ పరీక్షకు అర్థం, ఒక్కసారి చల్లగ కొట్టి "లీకు లేదు" అని పంపిచ్చేస్తే హెడ్డు కాడి సన్న పగుళ్లు, వేడికి మాత్రమే తెరుచుకునేటియి, అన్నీ తప్పించుకుంటయి. మూతను సుత వేరే అడాప్టర్‌తో అదే పంపు మీద పరీక్ష చేయొచ్చు.

లోడు మీద కారే జాగలల్ల పాత లారీలకు ముందు చెప్పాల్సింది వాటర్ పంపు. దాని కింది భాగంల ఒక చిన్న రంధ్రం ఉంటది, కంపెనీవాళ్లు కావాలని పెట్టిందే, లోపలి సీలు అరిగినప్పుడు నీళ్లు బేరింగుల పోకుంట బయటకు రావడానికి. అక్కడ మరక ఉందంటే సీలు చెప్తున్నది. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసిన పంపులు షాపులకు వస్తుంటయి, అది చాలా చెడ్డ పని, నీళ్లు ఆగినట్టు కనపడుతది గాని అవి బేరింగుల పోయి గ్రీజు కడిగేస్తయి, కొన్ని రోజులకు షాఫ్టు ఊగి ఫ్యాను పోయి రేడియేటర్‌కు తగులుతది, చిన్న పనికి మొత్తం రేడియేటర్ కోర్ పోతది. ఇంజన్ ఆపి ఫ్యానును రెండు చేతులతో ముందుకు ఎనుకకు ఊపి చూస్తే, బేరింగు వదులుంటే తెలిసిపోతది. టాటా 2515 లాంటి బండ్లల్ల వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ బి సిరీస్ ఇంజన్ల పంపు బెల్టు మీద నడుస్తది, రెండు బోల్టులు, ఒక ఓ రింగు, అంత పెద్ద పనేం కాదు, దాన్ని ఆలస్యం చేయడానికి సాకు లేదు.

తర్వాత ఇంజన్ బ్లాక్ (సిలిండర్లున్న దిమ్మ) పక్కన కొట్టి కూసోబెట్టిన గుండ్రటి రేకు మూతలు. బ్లాక్ పోత పోసినప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలిన రంధ్రాలకు అవి మూతలు. లోపలి నుంచి తుప్పు తింటది, బయట పెయింటు మంచిగనే ఉంటది, ఒకరోజు లోడు మీద ప్రెషర్ పెరగంగనే సూదంత రంధ్రం నుంచి సన్నగ చిమ్ముతది. ఒకటి పోయిందంటే మిగతావి అదే వయసువి, చేయి అందే వరకు అన్నీ మార్చుడే మంచిది. గాడి శుభ్రంగ తుడిచి, సీలెంట్ సన్నగ రాసి, సరైన సైజు డ్రిఫ్ట్‌తో నిటారుగ కొట్టాలె, సుత్తితో ఒక అంచు మీద కొడితే వంకరగ కూసుంటది. కొన్ని ఇంజన్లల్ల ఒక మూత ఫ్లైవీల్ దిక్కు, గేర్‌బాక్స్ ఎనుక దాక్కొని ఉంటది, క్లచ్ హౌసింగ్ కింది నుంచి నీళ్లు కారుతుంటే, పైన ఎక్కడా తడి లేకుంటే, అదే. క్లచ్ పని కోసం గేర్‌బాక్స్ దించిన రోజు దాన్ని మార్చకుంట ఎక్కించుడు అంటే అదే ఖర్చు ఇంకోసారి పెట్టుకునుడు.

బండి ఆపిన పది నిమిషాలకు మూత కాడ బుడబుడమని బయటకు తన్నుతుంటే దాని లెక్క వేరు. ఆపంగనే పంపు ఆగుతది, ఫ్యాను ఆగుతది, కానీ హెడ్డుల ఉన్న వేడి అక్కడనే ఉంటది, అది నీళ్లకు ఎక్కి ప్రెషర్ కొంచెంసేపు ఇంకా పెరుగుతది. మూత స్ప్రింగు మెత్తబడితే అప్పుడే ఒడుస్తది. అందుకే లోడుతో దూరం వచ్చిన బండిని రెండు మూడు నిమిషాలు స్లో మీద వదిలి ఆపాలంటరు, టర్బో కోసమే కాదు, హెడ్డు కోసం సుత. మూతల ఇంకో చిన్న వాల్వు ఉంటది, ఇంజన్ చల్లారినప్పుడు ఎక్స్‌ట్రా ట్యాంకు నుంచి నీళ్లు ఎనుకకు గుంజుకోవడానికి. అది ఇరుక్కపోతే లోపల గాలి లేని ఖాళీ ఏర్పడి పై పైపు నలిగి చప్పగ అయితది, పొద్దున బానెట్ తీసినప్పుడు పైపు అట్ల కనిపిస్తే మూతనే మార్చాలె, పైపును కాదు. మొత్తం సిస్టమ్ల అన్నిటికంటే అగ్గువ సామాను ఈ మూత, దాన్నే చివరికి మార్చుతరు.

చుక్క కింద పడదు, మరక ఎక్కడా లేదు, నీళ్లు మాత్రం తగ్గుతయి. ఇక్కడనే అందరు "హెడ్ గ్యాస్కెట్" (హెడ్డుకు బ్లాకుకు మధ్యలుండే ప్యాకింగ్) అని తీర్పు ఇచ్చేస్తరు, ఇక్కడనే పాత లారీ విషయంల తొందరపడొద్దు, ఎందుకంటే కారు పుస్తకాలల్ల లేని రెండు దారులు లారీల ఉన్నయి.

ఒకటి ఎయిర్ కంప్రెసర్. ఎయిర్ బ్రేకులున్న చాలా లారీల కంప్రెసర్ హెడ్డుకు ఇంజన్ కూలెంటే పోతది. బ్రేకు ట్యాంకుల్ల గాలి 100 పీఎస్ఐ పైన ఉంటది, కూలెంట్ల ఎంత ఉన్నా 15 పీఎస్ఐ దాటదు. కంప్రెసర్ హెడ్డు ప్యాకింగ్ పోయిందనుకో, ఆ గాలి కూలెంట్లకు జొరబడి రేడియేటర్ల బుడగలు వస్తయి, మూతల నుంచి నీళ్లు బయటకు తన్నుతయి, అచ్చం హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే కనపడుతది. అట్ల అనుకొని హెడ్డు విప్పి, ఫేసింగ్ కొట్టిచ్చి చదును చేయించి, కొత్త ప్యాకింగ్ వేసి, బండి కట్టినంక మళ్ల బుడగలు వస్తే ఓనర్ పరిస్థితి ఏంది. తేడా పట్టుడు కష్టం కాదు. చల్లటి ఇంజన్ మీద మూత తీసి, మెడ దాకా నీళ్లు నింపి, స్టార్ట్ చేసి చూస్తుండాలె. ట్యాంకులు నిండి గాలి వాల్వు (గవర్నర్) బుస్సుమని గాలి వదిలినంక కంప్రెసర్ ఖాళీగ తిరుగుతది, అప్పుడు బుడగలు తగ్గితే దొంగ కంప్రెసరే. మళ్ల బ్రేకు పెడల్ నాలుగైదుసార్లు తొక్కి గాలి తగ్గించి కంప్రెసర్‌ను పని చేయిస్తే బుడగలు తిరిగి రావాలె. ట్యాంకు నిండినా ఖాళీ ఉన్నా సంబంధం లేకుంట, రేస్ చేసిన కొద్ది పెరిగితే అది ఇంజన్ హెడ్డు దిక్కుది. ఇంకో గుర్తు, ఎయిర్ ట్యాంకు కింద డ్రెయిన్ తీసినప్పుడు మామూలు తేమకు బదులు రంగు నీళ్లు వస్తుంటే, కంప్రెసర్ ఆగినప్పుడు కూలెంట్ దాంట్లకు కారుతున్నట్టు, అవే బ్రేకు వాల్వులకు పోతయి. అది ఇంజన్ సమస్య కంటే ముందు బ్రేకుల సమస్య, దాన్ని ఆ రోజే చూసుకోవాలె.

రెండోది ఆయిల్ కూలర్. చాలా లారీ ఇంజన్లల్ల ఆయిల్ ఫిల్టర్ దగ్గర, బ్లాక్ పక్కన, పలకల్లాంటి ఆయిల్ కూలర్ ఉంటది, దాని చుట్టు కూలెంట్ తిరుగుతది. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ కూలెంట్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అందుకని పగులుంటే ఆయిలే కూలెంట్లకు వస్తది, రేడియేటర్ మెడ కాడ నల్లటి జిడ్డు తేలుతది. ఆపినంక ఆయిల్ ప్రెషర్ సున్నా, కూలెంట్ల మాత్రం ప్రెషర్ ఇంకా ఉంటది, అప్పుడు దారి తిరగబడుతది, కూలెంట్ ఆయిల్లకు పోతది. రెండు దిక్కులా కలిసిందంటే, రేడియేటర్ల జిడ్డు ముందు కనిపించిందంటే, ఎక్కువగ ఆయిల్ కూలర్ దిక్కే చూడాలె, హెడ్డు ముట్టకుంటనే కూలర్ తీసి నీళ్ల తొట్టిల ముంచి గాలి పెడితే తెలుస్తది. రేడియేటర్ శుభ్రంగ ఉండి, ఆయిల్ కొలిచే గేజు పుల్ల మీద ఆయిల్ మాత్రమే పాల చాయ్ రంగుకు మారితే, హెడ్ గ్యాస్కెట్, హెడ్డు పగులు, లేకపోతే తడి లైనర్లు (నీళ్లకు నేరుగ తగిలే సిలిండర్ గొట్టాలు) ఉన్న ఇంజన్ల లైనర్ కింది రబ్బరు రింగులు. ఆయిల్ పోసే మూత లోపల కొంచెం తెల్లటి నురగ చలికాలంల తేమకు సుత వస్తది, దాన్ని చూసి భయపడొద్దు, గేజు పుల్ల చెప్పేదే లెక్క. ఆయిల్ల నీళ్లు కలిసినట్టు తేలితే బండి అడుగు కదలొద్దు, ఆ ఆయిల్‌తో బేరింగులు నిలబడవు.

ఎగ్జాస్ట్ నుంచి ఇంజన్ వేడెక్కినంక సుత తెల్ల పొగ వస్తూ తీపి వాసన ఉంటే కూలెంట్ సిలిండర్ల కాలుతున్నట్టు. ఇంకో అపాయం ఏందంటే రాత్రంత నీళ్లు ఒక సిలిండర్ల నిండి, పొద్దున సెల్ఫ్ కొట్టంగనే పిస్టన్ పైకి పోలేక కనెక్టింగ్ రాడ్ వంగుడు. నీళ్లు నొక్కుకపోవు. అనుమానం ఉన్న ఇంజన్‌ను ఇంజెక్టర్లు తీసి చేత్తో తిప్పి చూసినంకనే స్టార్ట్ చేయాలె. గ్యాస్ పరీక్షకు నీలం రంగు ద్రవం దొరుకుతది, రేడియేటర్ మెడ కాడి గాలిని దాంట్లకెళ్లి పీలిస్తే పొగ గ్యాసు ఉన్నప్పుడు రంగు మారుతది, డీజిల్ బండికి పచ్చ దాకనే పోవచ్చు, పెట్రోల్ లెక్క పసుపు అయితేనే ఉన్నట్టు అనుకోవద్దు.

హెడ్డు నిజంగనే విప్పాల్సి వస్తే గ్యాస్కెట్ ఒక్కటి మార్చి కట్టుడు సగం పని. హెడ్డును లేతు షాపుల స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూడాలె, నీళ్ల తొట్టిల వేడి మీద గాలి పెట్టి పగుళ్లు చూడాలె, బ్లాక్ ముఖం చూడాలె, లైనర్ బ్లాక్ పైకి ఎంత తేలి ఉండాలో ఆ ఇంజన్ మాన్యువల్ ప్రకారం కొలవాలె, బోల్టులు టార్క్ రెంచితో, మధ్యల నుంచి బయటకు, మాన్యువల్ చెప్పిన వరసల బిగించాలె. చేతి అంచనాతో బిగించిన హెడ్డు మళ్ల లీకు అయితే ఆ గ్యాస్కెట్‌ను తిట్టి లాభం లేదు.

ఇన్ని జాగలల్ల ఎందుకు పోతున్నయంటే, చాలా మటుకు లోపల పోసిన నీళ్ల వల్ల. వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి దిక్కు బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువ, ఇంట్ల గీజర్ కాయిల్ మీద, వాటర్ ట్యాంకు గోడల మీద పేరుకునేది అదే, ఇంజన్ల ఇంకా వేడి ఎక్కువ కాబట్టి ఇంకా గట్టిగ పేరుకుంటది. సున్నం పొర ఇనుముకు నీళ్లకు మధ్య అడ్డం కూసుంటది, వేడి బయటకు రాదు, రేడియేటర్ గొట్టాలు మూసుకుంటయి. గ్లైకాల్ కూలెంట్ల అసలు విలువ దాంట్ల ఉన్న తుప్పు మందులది, చలికి గడ్డకట్టకుంట ఉండుడు మన దగ్గర అవసరమే లేదు, అందుకని "ఇక్కడ మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు" అనే మాట తప్పు. తుప్పు మందు లేని నీళ్లల్ల ఇత్తడి రేడియేటర్ మాట్లు తెల్లగ పొంగి ఊడతయి, రేకు మూతలు తింటయి, పంపు రెక్కలు అరిగిపోతయి. తడి లైనర్ ఇంజన్లల్ల ఇంకోటి ఉంది, లైనర్ అదురుకు నీళ్లల్ల సన్న బుడగలు పుట్టి పేలి లైనర్ గోడకు గుంటలు పడతయి, ఆ గుంటలు లోపలికి తొలిచి ఒకరోజు ఆరుపార పడతయి. బ్యాటరీ ఎర్త్ సరిగ లేకపోయినా కరెంటు కూలెంట్ల నుంచి దారి వెతుక్కుంటది, మల్టీమీటర్ ఒక వైరు కూలెంట్ల ముంచి ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కు పెడితే 0.3 వోల్టు దాటొద్దు, దాటితే ఎర్త్ పట్టీలు శుభ్రం చేసి బిగించకుంట కొత్త రేడియేటర్ ఎక్కిస్తే అది సుత ఎక్కువ రోజులు ఉండదు.

పసుపు సంగతి చెప్పాలె. రేడియేటర్ల గుప్పెడు పసుపు వేస్తే లీకు ఆగుతదని డ్రైవర్లందరికీ తెలుసు, నిజామాబాద్ దిక్కు పసుపు పండే ఊళ్లల్ల అది చేతికందే మందు, నిజంగనే ఆగుతది సుత, ఆ పొడి నీళ్లకు ఉబ్బి సన్న రంధ్రంల ఇరుక్కుంటది. ఏటూరునాగారం దాటినంక తాడ్వాయి అడవిల నడిరాత్రి ఆగిన బండికి అది ప్రాణం పోసినట్టే, అందుల తప్పు పట్టడానికి ఏం లేదు. కానీ పొడికి ఏది రంధ్రమో ఏది రేడియేటర్ గొట్టమో తెల్వదు, ఆయిల్ కూలర్ సందులు, మూత వాల్వు, అన్నిట్ల పేరుకుంటది. బజార్ల దొరికే లీకు ఆపే మందులు సుత అంతే. ఇంటికి చేరినంక మొత్తం ఖాళీ చేసి, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, అసలు లీకు పట్టాలె.

రేడియేటర్ మాట్లు వేసే పనిల రెండు ముచ్చట్లు. రాగి ఇత్తడి రేడియేటర్‌ను పై ట్యాంకు ఊడదీసి, గొట్టాలల్ల సన్న చువ్వలు పోనిచ్చి సున్నం తీసి, మాట్లు పెట్టి మళ్ల కట్టొచ్చు, దానికి పనితనమున్న చేతులు ఆటోనగర్ల ఇంకా ఉన్నయి. పోయిన గొట్టాన్ని నొక్కి మూసేసుడు ఒకటి రెండుకైతే సరే, పది మూస్తే ఏప్రిల్ ఎండల రేడియేటర్ సరిపోదు. అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నదాన్ని కాస్టిక్ సోడాల నానబెట్టొద్దు, కాస్టిక్ అల్యూమినియంను తినేస్తది.

ఇంకో తప్పు, బండి వేడెక్కుతుందని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కినంకనే రేడియేటర్ దిక్కు నీళ్లు వదిలే వాల్వు) తీసి పారేసుడు. ఎండకాలం వచ్చిందంటే ఇది షురువైతది, దానికి "మన ఎండలకు అది అవసరం లేదు" అనే తీర్పు. చాలా ఇంజన్లల్ల థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు అదే బైపాస్ దారిని మూస్తది. అది లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటది, కొంత నీళ్లు రేడియేటర్‌కు పోకుంట ఇంజన్లనే చక్కర్లు కొడతయి, లోడు మీద వేడి ఇంకా పెరుగుతది. ఖాళీ బండి మీద, చలికాలంల ఇంజన్ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతది, సిలిండర్ల లోపలి గోడలు అరుగుతయి. దాన్ని ఒక గిన్నెల నీళ్లు కాచి థర్మామీటర్ పెట్టి పరీక్షించుకోవచ్చు, దాని మీద కొట్టి ఉన్న డిగ్రీల దగ్గర తెరుచుకోవడం షురువు కావాలె, లేకపోతే అదే డిగ్రీలది కొత్తది వేయాలె.

లీకు కట్టినంక నింపుడు తొందరపడి చేసే పని కాదు. డిస్టిల్డ్ నీళ్లల్ల సగం కలిపిన కూలెంట్, లేకపోతే కలిపి వచ్చే రెడీ కూలెంట్, ఏదో ఒకటి, రంగులు రకాలు కలపొద్దు, కొన్ని కలిస్తే జిగురు కడతయి. ఇంజన్ మీద గాలి వదిలే బోల్టు ఉంటే అది వదులు చేసి, సన్నగ ధార పోస్తూ, గాలి లేకుంట కూలెంట్ వచ్చినంక బిగించాలె. మూత తీసే ఉంచి స్టార్ట్ చేసి థర్మోస్టాట్ తెరుచుకునే దాకా ఆగాలె, పై పైపు ఒక్కసారి వేడెక్కుతది, మట్టం దిగుతది, అప్పుడు మళ్ల నింపి మూత పెట్టాలె. వేడి మీదున్న బండి మూత తీస్తే ప్రెషర్ పోయి లోపలి నీళ్లన్ని ఒక్కసారి ఆవిరై ముఖం మీదికి తన్నుతయి, చేతులు ముఖాలు కాలినోళ్లు ఈ లైన్ల తక్కువ లేరు. మరిగి ఆగిన ఇంజన్ల చల్లటి నీళ్లు పోస్తే హెడ్డు పగులుతది, పై పైపును చేత్తో పట్టుకొని నొక్కగలిగేంత చల్లారే దాకా ఓపిక పట్టాలె, కిరాయి ఆలస్యమైనా సరే.

తీసిన పాత కూలెంట్‌ను షాపు ముందు మోరీల వదలొద్దు. గ్లైకాల్ తియ్యగ ఉంటది, కుక్కలు, మేకలు, బర్లు వాసనకు వచ్చి తాగుతయి, కిడ్నీలు పోయి చచ్చిపోతయి. డబ్బాలకు పట్టి మూత పెట్టి పిల్లలకు అందని జాగల ఉంచాలె. కొత్త కూలెంట్ పోసిన బండిని ముందు ఖాళీగ కాజీపేట దాకానో కొంచెం దూరమో తిప్పి, చల్లారినంక క్లిప్పులు చూసి, మట్టం మళ్ల గీత దగ్గర పెట్టి, అప్పుడు లోడుకు పంపాలె. లోడు నుంచి వచ్చిన మరునాడు పొద్దున, స్టార్ట్ చేయకముందు, ఆ గీత దగ్గర ఎంతుందో చూసి కిలోమీటర్ల పక్కన రాయాలె, నాలుగైదు లోడ్ల దాకా అట్లనే.